మంత్రం కష్టం ఎవరిది?

(హన్మకొండలో ఒక ఆదివారం ఆటగాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, ఇరవై ముఖాల పాచికను తొలిసారి చేతబట్టి ఇక్కడికి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. బల్ల చుట్టూ కూర్చొని ఆడే పాత్రధారణ ఆటల్లో మంత్ర ప్రయోగానికి సంబంధించిన కష్టస్థాయి నియమాలను ఎట్లా చదవాలి, ఎట్లా అన్వయించాలి అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ఇష్టంగా ఒప్పుకున్నాను. ఆట నడిమిట్ల ఆగిపోయి వాదనగా మారే సందర్భాల్లో ఎక్కువ భాగం మంత్రాల దగ్గరే వస్తున్నాయని నేను చాలాకాలంగా గమనిస్తున్నాను. కత్తి దెబ్బ తగిలిందా లేదా అన్న ప్రశ్నకు పాచిక మీది అంకె, ఎదుటివాడి రక్షణ అంకె చాలు. మంత్రం దగ్గరికి వచ్చేసరికి పాచిక ఎవరు వేయాలి, ఏ అంకెను అందుకోవాలి, అందుకోకపోతే ఏం పోతుంది అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారే మీద పడతాయి. నియమాల పుస్తకంలో వాటి జవాబులేమో వేర్వేరు అధ్యాయాల్లో చెదిరి ఉంటాయి.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. మంత్రం పక్కన కనిపించే ప్రతి కష్టపు అంకెకూ ఒక సొంతదారు ఉంటాడు. ఆ అంకె మంత్రానిదా, మాంత్రికుడిదా, మంత్రం వేస్తున్న క్షణానిదా, లేక మంత్రం ఎవరి మీద పడుతున్నదో వారిదా అని పాచిక తీయకముందే తేల్చుకోవాలి. అది తేలితే వాదన చాలావరకు అక్కడే తీరిపోతుంది. తేల్చుకోకుండా పాచిక వేయిస్తే, ఒకే కష్టాన్ని తెలియకుండా రెండుసార్లు లెక్కగట్టి, మాంత్రికుడి పాత్ర పట్టిన ఆటగాడికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ఈ అంకె ఎప్పుడూ ఒకరి దగ్గరే ఉండిపోలేదు, చేతులు మారుతూ వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను తెచ్చినప్పుడు మాంత్రికుడు మంత్రం వేయడానికి పాచిక వేసే పనే లేదు. మంత్రాన్ని ముందుగా మనసులో నిలుపుకోవాలి, వేయగానే అది మనసు నుంచి చెరిగిపోవాలి. ఈ ఊహను వాళ్లు జాక్ వాన్స్ కథల నుంచి తీసుకున్నారు. మంత్రం పారడం ఖాయం, ఎదుటివాడు తప్పించుకోగలడా లేదా అన్నదే ప్రశ్న. ఆ తప్పించుకునే అంకె కూడా ఎదుటివాడి వృత్తి, స్థాయిని బట్టి వేసిన పట్టికలో ఉండేది. వేసినవాడు ఎంత గొప్ప మాంత్రికుడైనా ఆ పట్టిక మారేది కాదు. అంటే అప్పట్లో కష్టం పూర్తిగా లక్ష్యానిది.

2000లో ఆ ఆట మూడో ఎడిషన్ వచ్చినప్పుడు ఈ అంకె చేతులు మారింది. ఎదుటివాడు పాచికతో అందుకోవలసిన కష్టపు అంకె, అంటే డీసీ, 10కి మంత్రం స్థాయిని, మాంత్రికుడి బుద్ధి మాడిఫయర్‌ను (తెలివిని బట్టి కలిసే అంకెను) కలిపితే వచ్చే మొత్తమైంది. బుద్ధి మాడిఫయర్ 4 ఉన్న మాంత్రికుడు మూడో స్థాయి ఫైర్‌బాల్, అంటే పేలి చుట్టూ మంటలు చిమ్మే మంత్రం, వేస్తే డీసీ 17. అదే మనిషి మొదటి స్థాయి మంత్రం వేస్తే 15. మంత్రానికి, మాంత్రికుడికి ఆ అంకెలో చెరో వాటా దొరికింది. 2014లో ఐదో ఎడిషన్ మంత్రం వాటాను తీసేసింది. 8కి ప్రొఫిషియెన్సీ బోనస్ (స్థాయితో పాటు పెరిగే శిక్షణ అంకె), సామర్థ్యపు మాడిఫయర్ కలిపితే డీసీ వస్తుంది. ఐదో స్థాయి మాంత్రికుడికి బుద్ధి మాడిఫయర్ 4 ఉంటే 8, 3, 4 కలిసి 15. ఆయన మొదటి స్థాయి మంత్రం వేసినా 15, మూడో స్థాయి మంత్రం వేసినా 15. పాత ఎడిషన్‌కు అలవాటుపడ్డ డీఎం (ఆటను నడిపించే వ్యక్తి) పెద్ద స్లాట్ (రోజుకు ఇన్నే అని లెక్కగా దొరికే మంత్రపు వంతు) పెట్టి వేసిన మంత్రానికి డీసీ పెంచబోతే ఆపవలసింది ఇక్కడే. ఐదో ఎడిషన్‌లో ఆ అంకె పూర్తిగా మాంత్రికుడిది, అందులో మంత్రం స్థాయికి భాగం లేదు. చిన్న మంత్రాలు ఆట చివరిదాకా పనికివచ్చేవిగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం, నా దృష్టిలో మంచి కారణం కూడా.

ఇక క్షణానికి చెందిన కష్టం సంగతి చూద్దాం. చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి. మా బల్ల దగ్గర ఓరుగల్లు కోటను పోలిన ఒక కోటను కల్పించుకొని ఆడుతున్నాం: బయట మట్టికోట, దాని లోపల కందకం, ఇంకా లోపల రాతికోట. మూడో ఎడిషన్‌కు 2003లో వచ్చిన సవరణ, అందరం మూడున్నర అని పిలిచేది, మా నియమం. ఐదో స్థాయి మాంత్రికుడు రాతికోట బురుజు మీద నిలబడి కిందికి ఫైర్‌బాల్ వేయబోతున్నాడు. కాన్సన్‌ట్రేషన్ (ఏకాగ్రత) నైపుణ్యంలో గరిష్ఠంగా 8 ర్యాంకులు, శరీర దార్ఢ్యపు మాడిఫయర్ 2, మొత్తం 10. కింద ఒక విలుకాడు. బాణం తగిలింది, 6 పాయింట్ల దెబ్బ. మాంత్రికుడి పాత్ర పట్టిన పిల్లవాడు వెంటనే అడిగాడు: "అన్నా, బాణమైతే తగిలింది. మరి మంత్రం పోయినట్టా, ఉన్నట్టా?"

పుస్తకంలో సూత్రం ఉంది: మంత్రం వేస్తుండగా దెబ్బ తగిలితే డీసీ 10కి ఆ దెబ్బను, మంత్రం స్థాయిని కలపాలి. 10, 6, 3 కలిసి 19. నైపుణ్యం 10 కాబట్టి పాచిక మీద 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, అంటే నూటికి 60 పాళ్లు అవకాశం. దెబ్బ 14 అయి ఉంటే డీసీ 27, కావలసింది 17, అవకాశం నూటికి 20కి పడిపోతుంది. చాలామంది డీఎంలు ఇక్కడే లెక్క మొదలుపెట్టి పాచిక వేయిస్తారు. లెక్కకన్నా ముందు చదవవలసిన మాట ఆ సూత్రంలోనే ఉంది: "మంత్రం వేస్తుండగా". మామూలు మంత్రం ఒక స్టాండర్డ్ యాక్షన్‌లో, అంటే తన వంతులో చేసే ఒక్క పనిలో, ముగుస్తుంది. విలుకాడు తన వంతులో బాణం వేసి, ఆ తర్వాత మాంత్రికుడి వంతు వస్తే, ఆ బాణం మంత్రం వేస్తుండగా తగిలింది కాదు. దానికి కాన్సన్‌ట్రేషన్ పరీక్ష అసలు లేదు. అదే విలుకాడు వింటిని ఎక్కుపెట్టి, "మాంత్రికుడు పెదవి కదిపిన మరుక్షణం వదులుతా" అని తన చర్యను సిద్ధంగా పెట్టుకొని ఉంటే, అప్పుడు ఆ బాణం మంత్రం మధ్యలోకి వచ్చి పడుతుంది, అప్పుడు 19 అందుకోవలసిందే. దగ్గర నిలబడ్డ శత్రువు సందు దొరికించుకొని కొట్టే దెబ్బకూ ఇదే వర్తిస్తుంది. ఆ రోజు డీఎం పిల్లవాడికి చెప్పిన జవాబు నాకు ఎంతో నచ్చింది: "నువ్వు మొదలుపెట్టకముందే తగిలింది తమ్మీ. రక్తం పోయింది గానీ మంత్రం పోలేదు." అంకె సొంతదారు క్షణం అయినప్పుడు, ఆ క్షణం వచ్చిందా లేదా అన్నది తేలకుండా అంకెతో పని లేదు.

మంత్రం వేయడానికి ఒక పూర్తి రౌండ్ (అందరి వంతులూ ఒకసారి తిరిగే కాలం) పట్టే సమన్ మాన్‌స్టర్ లాంటి వాటి సంగతి వేరు. అక్కడ ఆ క్షణం మళ్లీ తన వంతు వచ్చేదాకా సాగుతుంది కాబట్టి, మధ్యలో ఎవరు ఎప్పుడు కొట్టినా పరీక్ష తప్పదు. సూత్రం ఒకటే, కాలం మారేసరికి ఫలితం మారింది.

శత్రువు పక్కనే ఉన్నా ఒడుపుగా తప్పుకుంటూ మంత్రం వేసే పద్ధతికి మూడున్నరలో డీసీ 15కి మంత్రం స్థాయి కలపాలి. మన మాంత్రికుడికి 18, పాచిక మీద 8 పడితే చాలు, నూటికి 65. ఆ మూడున్నరనే ఆధారం చేసుకొని 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆట ఇదే పనికి 15కి మంత్రం స్థాయిని రెండింతలు చేసి కలపమన్నది. పరీక్షను నైపుణ్యం నుంచి తప్పించి, మాంత్రికుడి స్థాయికి సామర్థ్యపు మాడిఫయర్‌ను కలిపి వేయమన్నది. అదే ఐదో స్థాయి మాంత్రికుడికి బుద్ధి మాడిఫయర్ 4 అయితే మొత్తం 9, డీసీ 21, కావలసింది 12, అవకాశం నూటికి 45. చూడడానికి చిన్న సవరణే అయినా ఇందులో ఒక తీర్పు ఉంది. మూడున్నరలో స్థాయి పెరిగేకొద్దీ ఈ పరీక్ష తేలికై, చివరికి పాచిక వేయనక్కరలేని దశ వస్తుంది; పదో స్థాయిలో 13 ర్యాంకులు, 2 మాడిఫయర్ ఉన్నవాడికి ఐదో స్థాయి మంత్రం దగ్గర డీసీ 20, అవకాశం నూటికి 80. పాత్‌ఫైండర్‌లో పదో స్థాయి మాంత్రికుడు, బుద్ధి మాడిఫయర్ 5 ఉన్నా, అదే మంత్రానికి డీసీ 25 దగ్గర నూటికి 55 మీదే నిలుస్తాడు. కత్తి పట్టినవాడి పక్కన నిలబడి మంత్రం వేయడం ఎంత పెద్ద మాంత్రికుడికైనా ప్రమాదమే అన్నది ఆ తీర్పు. రెండు పుస్తకాలనూ కలిపి ఆడే బల్లలు మన దగ్గర ఉన్నాయి. పరీక్షను ఒక పుస్తకం నుంచి, డీసీని ఇంకో పుస్తకం నుంచి తీసుకుంటే రెండు తీర్పులూ చెడిపోతాయి, కాబట్టి రెండింటినీ ఒకే చోటి నుంచి తీసుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

ఐదో ఎడిషన్‌కు వస్తే, పేరు అదే కాన్సన్‌ట్రేషన్, పని మాత్రం వేరు. ఇక్కడ మామూలు మంత్రాన్ని వేస్తుండగా దెబ్బతో చెడగొట్టే నియమం లేదు. మంత్రం వేసిన తర్వాత దాన్ని నిలుపుకోవడం కోసం ఏకాగ్రత కావాలి. దెబ్బ తగిలినప్పుడు 10 గానీ, దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే అది డీసీ. సగాన్ని కిందికే కుదించాలి కాబట్టి 21 పాయింట్ల దెబ్బ దాకా డీసీ 10 దాటదు. 2024 సవరణ దీనికి 30 అన్న పైహద్దు పెట్టింది. ఇంకో విషయం: ఒక్కో మూలం నుంచి వచ్చిన దెబ్బకు ఒక్కో పరీక్ష. దార్ఢ్యం 2 ఉన్న మాంత్రికుడికి డీసీ 10 దగ్గర నూటికి 65 అవకాశం ఉంటుంది. ఒకే రౌండ్‌లో రెండు బాణాలు తగిలితే రెండు పరీక్షలూ నెగ్గాలి, అది నూటికి 42 దగ్గరికి పడిపోతుంది. రెండు దెబ్బలనూ కూడి ఒకే పరీక్ష పెట్టే డీఎం మాంత్రికుడికి మేలు చేస్తున్నాననుకోకుండానే పెద్ద మేలు చేస్తున్నాడు. దయ తప్పేమీ కాదు, అయితే అది నియమం కాదని తెలిసి చేస్తే మంచిది.

మూడున్నర నుంచి వచ్చినవాళ్లు ఐదో ఎడిషన్‌లో ప్రతి మంత్రానికీ ఏకాగ్రత పరీక్ష అడుగుతారు. ఐదు నుంచి మూడున్నరకు వెళ్లినవాళ్లు ఎక్కుపెట్టిన బాణాన్ని మరిచిపోతారు. ఐదో ఎడిషన్‌లోనూ ఒక మినహాయింపు ఉంది. ఒక యాక్షన్ కన్నా ఎక్కువ సేపు పట్టే మంత్రం వేస్తున్నంతసేపూ ఏకాగ్రత నిలవాలి. మధ్యలో చెదిరితే మంత్రం విఫలమవుతుంది, స్లాట్ మాత్రం ఖర్చు కాదు. మూడున్నరలో ఇదే పరిస్థితిలో మంత్రం చేజారిపోతుంది, వేసినట్టే లెక్క. విఫలమైతే ఏం పోతుందన్న ప్రశ్నకు రెండు ఎడిషన్లు చెప్పే జవాబులు ఇంత దూరంగా ఉన్నప్పుడు, డీసీ ఒకేలా కనిపించినంత మాత్రాన కష్టం ఒకటే అనుకోకూడదు.

వాతావరణం తెచ్చే కష్టం కూడా క్షణానిదే. పాకాల చెరువులో గాలికి ఊగుతున్న చిన్న పడవ మీద నిలబడి మంత్రం వేయాలనుకోండి. మూడున్నరలో అలల మీది చిన్న పడవకు డీసీ 10కి మంత్రం స్థాయి కలుపుతారు. అదే పడవ ఏటూరునాగారం దగ్గర వరద గోదావరి సుడుల్లో పడితే 15కి కలుపుతారు. పుస్తకంలో ఉన్న మాటలు కుదుపు ఎంత బలంగా ఉందన్న దాని గురించే, నీటి పేరు గురించి కాదు. కాబట్టి పాకాలలో కూడా తుపాను గాలి లేస్తే డీఎం రెండో అంకెకు వెళ్లవచ్చు. ఐదో ఎడిషన్ ఇదంతా డీఎం విచక్షణకు వదిలి, తుపానులో ఊగే ఓడ మీద అల వచ్చి పడితే నిలిచి ఉన్న మంత్రానికి డీసీ 10 పరీక్ష పెట్టవచ్చు అని ఊరుకుంటుంది.

ఈ "పెట్టవచ్చు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. బడిలో తెలుగు వ్యాకరణం చదివిన మనకు ఈ తేడా కొత్తది కాదు. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి తప్పక అవుతుంది, ఏమ్యాదుల ఇత్తుకు వైకల్పికం, అత్తుకు బహుళం. ఆటల నియమాలూ అట్లాగే మూడు గొంతులతో మాట్లాడతాయి. దెబ్బ తగిలితే పరీక్ష వేయాలి అన్నది నిత్యం, అందులో డీఎంకు ఎంపిక లేదు. అల పడితే పరీక్ష పెట్టవచ్చు అన్నది వైకల్పికం, పెట్టకపోయినా నియమం తప్పినట్టు కాదు. సందర్భాన్ని బట్టి డీఎం నిర్ణయిస్తారు అని రాసిన చోట బహుళం. వైకల్పికాన్ని నిత్యంగా చదివే డీఎం దగ్గర ప్రతి చినుకుకూ పాచిక వేయాల్సి వస్తుంది. నిత్యాన్ని వైకల్పికంగా చదివే డీఎం దగ్గర తనకు ఇష్టమైన ఆటగాడి మంత్రం ఎన్నటికీ చెదరదు. సామాన్య సూత్రానికి విశేష సూత్రం బాధకమవుతుందన్నదీ మన శాస్త్రాల్లో ఉన్నదే, దాన్నే 2014 పుస్తకం ముందుమాటల్లో స్పష్టంగా రాసుకున్నది. ఉదాహరణకు మూడున్నరలో కవచం తొడిగిన మాంత్రికుడికి చేతి సంజ్ఞలున్న మంత్రాలు తప్పే అవకాశం ఉంటుంది, గొలుసు చొక్కాకు నూటికి 20, ఒళ్లంతా కప్పే ప్లేట్ కవచానికి 35. అది సామాన్యం. సంజ్ఞ లేకుండా మంత్రం వేసే స్టిల్ స్పెల్ విద్య దానికి అపవాదం. ఆ విద్య ఉన్న చోట శాతపు పాచికను పక్కన పెట్టాలి. ఐదో ఎడిషన్‌లో ఈ శాతాలే లేవు. ఆ కవచంలో శిక్షణ లేకపోతే మంత్రం వేయడానికే వీల్లేదు.

లక్ష్యానికి చెందిన కష్టాన్ని చూపించడానికి మళ్లీ కోట దగ్గరికి రావాలి. ఈసారి మాంత్రికుడు కింద ఉన్నాడు, శత్రువు బురుజులో బాణాలు వదిలే సందు వెనక ఉన్నాడు. ఐదో ఎడిషన్ ప్రకారం అటువంటి సందు ముప్పావు వంతు చాటు, దానివల్ల శత్రువుకు ఏసీకి (రక్షణ అంకెకు) 5, చురుకుదనపు సేవ్‌కు (మంత్రాన్ని తప్పించుకునేందుకు వేసే పాచికకు) 5 కలుస్తాయి. మాంత్రికుడి డీసీ 15 అట్లాగే ఉంటుంది. డీసీని 10 చేసినా లెక్క ఒకటే కదా అని కొందరు అంటారు. ఒకటి కాదు. డీసీని ముట్టుకుంటే అదే మంత్రం పరిధిలో చాటు లేకుండా నిలబడ్డ ఇంకో సైనికుడికి కూడా 10 అవుతుంది. పైగా చాటు మనసు మీద పడే మంత్రానికి అడ్డు రాదు; జ్ఞానపు సేవ్‌కు ఆ 5 కలవదు. కలపవలసిన చోటు లక్ష్యం పక్కన, మాంత్రికుడి పక్కన కాదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. విస్తరించే మంత్రానికి చాటును మాంత్రికుడి నుంచి కాకుండా, మంత్రం పేలిన బిందువు నుంచి చూడాలి. ఫైర్‌బాల్ బిందువును ఆ సందులోంచి లోపలికి పంపి, సైనికుడి వెనక పేలిస్తే అతనికి చాటే లేదు. అయితే పంపడం ఎంత కష్టం? మూడున్నర పుస్తకం దీన్ని సూటిగా పట్టుకుంది: ఆ అగ్నిపూసను బాణపు సందు లాంటి ఇరుకు దారిలోంచి పంపాలంటే ఆ సందును రేంజ్డ్ టచ్ దాడితో (దూరం నుంచి గురిచూసి తాకితే చాలనే దాడితో) తాకాలి, తప్పితే గోడకు తగిలి ముందే పేలుతుంది. ఇది సందుకు చెందిన కష్టం, లోపలి సైనికుడిది కాదు. ఆ సందుకు ఏసీ ఎంత అన్నది మాత్రం మంత్రం వివరణలో లేదు. నా అభిప్రాయంలో డీఎం సందు వెడల్పును ముందు చెప్పి, దాన్ని బట్టి అంకెను నిర్ణయించాలి. లోపలున్న సైనికుడి చురుకుదనాన్ని అందులోకి లాగకూడదు, ఎందుకంటే లోపల పేలిన తర్వాత అతను తన సేవ్ తాను ఎలాగూ వేస్తాడు. లాగితే అతని చురుకుదనాన్ని రెండుసార్లు లెక్కించినట్టే. ఐదో ఎడిషన్ ఫైర్‌బాల్ వివరణలో ఈ దాడి ప్రస్తావన లేదు. లేనిది తెచ్చి పెట్టడం డీఎం ఇష్టమే, అయితే ఆ బల్ల దగ్గర అది కొత్త నియమమని ముందే చెప్పి పెట్టాలి.

రెండుసార్లు లెక్కించడం అన్న ఈ దోషం అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇంకో చోట. "మంత్రం అంత తేలిగ్గా పారితే ఎట్లా, వేయడానికి కూడా పాచిక ఉండాలి" అని కొందరు డీఎంలు ఐదో ఎడిషన్‌కు సొంతంగా ఒక పరీక్ష జోడిస్తారు. ఆ కోరికను నేను గౌరవిస్తాను. మంత్రం భయపెట్టేదిగా, లొంగనిదిగా ఉండాలన్న ఆశ మంచి ఆశ. లెక్క మాత్రం చూడండి. ఐదో స్థాయి మాంత్రికుడికి రోజుకు మూడో స్థాయి స్లాట్లు రెండే. చురుకుదనం 2 ఉన్న శత్రువు డీసీ 15 సేవ్ తప్పే అవకాశం నూటికి 60. ఫైర్‌బాల్ సగటు దెబ్బ 28, సేవ్ నెగ్గితే సగం; కాబట్టి సగటున ఒక్కో శత్రువుకు 22.4 పడుతుంది. దీని ముందు డీసీ 13 పరీక్షను, 7 బోనస్‌తో, పెట్టారనుకోండి. అది నూటికి 75 పారుతుంది. ఎంతో ఉదారంగా కనిపిస్తుంది. కానీ సగటు దెబ్బ 16.8కి దిగుతుంది, సేవ్ నెగ్గినా సగం దెబ్బ ఖాయమన్న భరోసా పోతుంది, నాలుగుసార్లలో ఒకసారి ఆ రోజుకున్న రెండు స్లాట్లలో ఒకటి ఊరికే పోతుంది. ఆ ఆటలో కష్టానికి ధర స్లాట్. ఆ ధర ముందే చెల్లించినవాడి దగ్గర ద్వారం దగ్గర మళ్లీ వసూలు చేస్తున్నాం.

వేసేటప్పుడే పాచిక ఉండాలనుకునేవారి కోసం ఆ విధంగానే తయారైన ఆటలు ఉన్నాయి. 2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో ప్రతి మంత్రానికీ పరీక్ష ఉంది, 10కి మంత్రం స్థాయి రెండింతలు కలపాలి. 2023 నాటి షాడోడార్క్‌లో 10కి మంత్రం శ్రేణిని కలపాలి. తప్పితే విశ్రాంతి తీసుకునేదాకా ఆ మంత్రం మళ్లీ రాదు, పారితే మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు. అక్కడ స్లాట్లు లేవు. ఆ పరీక్షే ధర కాబట్టి అది న్యాయంగా ఉంది. అక్కడి పరీక్షను తెచ్చి ఇక్కడి స్లాట్ల మీద పెట్టడం వల్లనే చిక్కు వస్తున్నది.

వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే రెండో ఎడిషన్ పద్ధతి నాకు అన్నిటికన్నా అందంగా తోస్తుంది. మాంత్రికుడు తన మ్యాజిక్ అంకెకు మించకుండా ఎన్ని పదిముఖాల పాచికలు వేయాలో తానే ఎంచుకుంటాడు, మొత్తం మంత్రం అంకెను అందుకోవాలి. రెండు పాచికల మీద ఒకే అంకె పడితే ఉపద్రవం, మూడింటి మీద పడితే ఇంకా పెద్ద ఉపద్రవం. రెండు పాచికలు వేస్తే జత పడే అవకాశం నూటికి 10, మూడు వేస్తే కనీసం ఒక జత పడే అవకాశం 28, నాలుగు వేస్తే దాదాపు 50. కష్టం మంత్రానిది, ప్రమాదం మాంత్రికుడి ఆశది. సొంతదారులు ఇంత స్పష్టంగా విడిపోయిన నియమం దగ్గర వాదన రావడం నేను చూడలేదు.

పాచికల స్వభావాన్ని కూడా మరవకూడదు. ఇరవై ముఖాల పాచిక మీద డీసీని 2 పెంచితే ఎక్కడైనా నూటికి 10 పాళ్లు తగ్గుతాయి. గర్ప్స్ అనే ఇంకో ఆటలో మూడు ఆరుముఖాల పాచికలు వేసి నైపుణ్యం కన్నా మించకుండా తెచ్చుకోవాలి. అందులో నైపుణ్యం 12 ఉన్నవాడికి నూటికి 74 అవకాశం ఉంటుంది, 2 తగ్గిస్తే 50కి పడిపోతుంది. నైపుణ్యం 16 ఉన్నవాడికి అదే 2 తగ్గిస్తే 98 నుంచి 91కే దిగుతుంది. ఒక ఆటలో "కొంచెం కష్టం" అని అలవాటుగా వేసే 2ను ఇంకో ఆటలో వేస్తే అది కొత్తవాడిని పడగొట్టి, ఆరితేరినవాడిని తాకకుండా పోతుంది.

చివరగా ఎదురుమంత్రం. ఐదో ఎడిషన్ 2014 పుస్తకంలో కౌంటర్‌స్పెల్‌ను మూడో స్థాయి స్లాట్‌తో వేస్తే, ఆ స్థాయి, అంతకు లోపు స్థాయి మంత్రాలు పరీక్ష లేకుండానే ఆగిపోతాయి. పై మంత్రాలకు 10కి ఆ మంత్రం స్థాయి కలిపిన డీసీ. అది సామర్థ్యపు పరీక్ష, కాబట్టి ప్రొఫిషియెన్సీ కలవదు. ఇక్కడ కష్టం ఎదుటివాడి మంత్రానిది. ఎదుటివాడు ఏ మంత్రం వేస్తున్నాడో తెలుసుకోవాలంటే, 2017లో వచ్చిన ఐచ్ఛిక నియమం ప్రకారం రియాక్షన్ (ఎదుటివాడి పనికి రౌండ్‌కు ఒక్కసారే చేయగల ప్రతిచర్య) వాడి 15కి మంత్రం స్థాయి కలిపిన పరీక్ష వేయాలి. రియాక్షన్ అక్కడ ఖర్చైతే అదే మనిషి కౌంటర్‌స్పెల్ వేయలేడు. ఒకరు గుర్తుపట్టి అరిస్తే ఇంకొకరు ఆపాలి. ఈ జోడీని నేను చాలా ఇష్టపడతాను, అది బల్ల చుట్టూ ఉన్నవాళ్లను ఒకరి మాట ఒకరు వినేలా చేస్తుంది. 2024 సవరణ దీన్ని తిప్పేసింది. ఇప్పుడు మంత్రం వేస్తున్నవాడే దార్ఢ్యపు సేవ్ వేస్తాడు, ఆపేవాడి డీసీని అందుకోవాలి, తప్పినా స్లాట్ మిగులుతుంది. పాచిక వేసే చెయ్యి మారింది, అంకె సొంతదారు మారాడు, పోయేది కూడా మారింది. రెండు పుస్తకాలూ బల్ల మీద ఉన్న చోట ఏ కౌంటర్‌స్పెల్ నడుస్తున్నదో మొదటి రోజే చెప్పకపోతే ఆ ఆటలో ముఖ్యమైన యుద్ధమంతా వాదనలోనే గడిచిపోతుంది.

మంత్రపు చుట్టల విషయంలో నా విన్నపం కూడా ఇదే. తన స్థాయికి మించిన మంత్రం రాసి ఉన్న చుట్టను చదవబోతే ఐదో ఎడిషన్‌లో 10కి ఆ మంత్రం స్థాయి కలిపి పరీక్ష. తప్పితే చుట్ట మీది మంత్రం మాయమవుతుంది, అంతకుమించి నష్టం లేదు. మూడున్నరలో డీసీ చుట్టను రాసిన మాంత్రికుడి స్థాయికి ఒకటి ఎక్కువ. తప్పితే ఇంకో పరీక్ష ఉంటుంది, డీసీ 5 జ్ఞానపు పరీక్ష. అదీ తప్పితే మంత్రం వికటిస్తుంది. ఎప్పుడో దాచిపెట్టుకున్న చుట్టను ఆటగాడు ఆపదలో బయటికి తీసినప్పుడు, ఏ అంకె అందుకోవాలో, తప్పితే చుట్ట మాత్రమే పోతుందా, వికటించి తన మీదికే వస్తుందా అన్నది డీఎం గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాలి. ఆ మాట విన్న తర్వాత చుట్టను విప్పాలా, తిరిగి సంచిలో పెట్టుకోవాలా అన్న నిర్ణయం ఆటగాడిది.